లాంచీ ఆలస్యమైన రోజులు

నవంబరు 6

పిన్నీ,

క్షేమంగా చేరాను. గదికి వచ్చి ముఖం కడుక్కుని మొదట నీకే రాస్తున్నాను. ఫోను చేయవచ్చు కదా అంటావు. ఫోనులో నువ్వు "తిన్నావా, సరే పడుకో" అని పెట్టేస్తావు. ఉత్తరమైతే చివరిదాకా చదవక తప్పదు.

ఈసారి నేను లాంచీ దిగేసరికి నువ్వు రేవులో ఆ చెక్కబల్ల మీద కూర్చుని ఉన్నావు. ముక్కు ఎర్రబడిపోయింది. చేతులు పట్టుకుంటే కొయ్యల్లా ఉన్నాయి. ఎప్పటినుంచి ఉన్నావని అడిగితే "ఇప్పుడే వచ్చా" అన్నావు. నీ పక్కన ఖాళీ టీ గ్లాసులు వరసగా ఉన్నాయి పిన్నీ. నాకు కళ్ళజోడు లేదు కానీ కళ్ళున్నాయి.

అందుకే వచ్చే నెల నుంచి బస్సులోనే వస్తాను. లాంచీ గంటలో ఏరు దాటిస్తుంది, నిజమే. కానీ పొగమంచు పడితే అది ఎప్పుడు కదులుతుందో దేవుడికి కూడా తెలియదు. బస్సు పైనున్న వంతెన మీదుగా చుట్టూ తిరిగి సగం రోజు తినేస్తుంది, కానీ చెప్పిన వేళకి దింపుతుంది. అమ్మ పోయాక నన్ను పెంచినదానివి. నాకోసం చలిలో ముడుచుకుని కూర్చోవడం ఇక చాలు.

నా కొత్త ఉద్యోగం సంగతి నీకు సరిగ్గా చెప్పనే లేదు. మాది బస్సులూ లాంచీలూ నడిపే రవాణా ఆఫీసు. నన్ను బస్టాపుల్లో నిలబెట్టి, వచ్చేపోయేవాళ్ళని ఒకే ప్రశ్న అడగమన్నారు. "ఒక బస్సుకి ఎప్పుడూ రెండు గంటలే పడుతుంది. ఇంకో బస్సు ఒకరోజు గంటలో చేరుస్తుంది, ఒకరోజు మూడు గంటలు చేస్తుంది. మీరు ఏదెక్కుతారు?" ఒకాయన "ఏది ముందొస్తే అది" అని చెప్పి, వచ్చినది ఎక్కి వెళ్ళిపోయాడు. ఒక గుమాస్తా ఏమన్నాడో తెలుసా, "ఆఫీసుకెళ్ళేటప్పుడు మొదటిదండీ, ఇంటికెళ్ళేటప్పుడు రెండోది. ఆఫీసులో ఆలస్యమైతే జీతం కోస్తారు, ఇంట్లో మాటలే కదా" అన్నాడు. పక్కన నిలబడ్డావిడ నా చేతిలో పెన్ను లాక్కుని ఆ జవాబు కొట్టేసింది. ఆవిడ ఆయన భార్య అని నాకప్పుడు తెలిసింది.

ఇన్నాళ్ళూ అడిగాక నాకు అర్థమైంది ఒక్కటే. ఆలస్యాన్ని జనం భరిస్తారు. ఎంత ఆలస్యమో తెలియకపోవడాన్నే భరించలేరు. మీ రేవులో టికెట్లిచ్చే ఆయన్ని చూడు. లాంచీ ఎప్పుడొస్తుందండీ అంటే "వచ్చినప్పుడు వస్తుందమ్మా" అంటారు. ఇంకోసారి అడిగితే కిటికీ మూసేస్తారు. అలాంటి మనిషి ఎదురుగా నిన్ను అంతసేపు కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు.

ఇట్లు,
ఇకనుంచి వేళకు వచ్చే నీ పిల్ల


నవంబరు 12

మా గడియారానికి,

ఉత్తరం అందింది, చివరిదాకా చదివాను. చిన్నప్పుడు బడి తెరవకముందే గేటు దగ్గర నిలబడి వాచ్‌మన్ ప్రాణం తీసేదానివి. అప్పుడే నీకు గడియారం అని పేరు పెట్టాం. రోగం ముదిరి ఉద్యోగమైంది.

నేనేమన్నా ఉప్పుబొమ్మనా, కాస్త మంచు తగలగానే కరిగిపోవడానికి? నీకు బస్సు పడదు. వంతెన మలుపు దాటిందంటే కిటికీలోంచి తల బయటపెడతావు. ఇంటికి వచ్చేసరికి పిండి ఆరేసిన గుడ్డలా ఉంటావు. ఆ ముఖం చూడటానికా నేను నెలంతా కాచుకుని ఉండేది?

మన కళ్ళజోళ్ళ దుకాణం బాగానే సాగుతోంది. మీ బాబాయి పోయిన కొత్తలో, ఆడమనిషి అద్దాలు అరగదీయడమేమిటని గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగినవాళ్ళే ఇప్పుడు పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తున్నారు. మొన్న ఒక బడిపంతులుకి దూరానికి ఒక జోడు, దగ్గరికి ఒక జోడు ఇచ్చాను. నాలుగు రోజులకి మళ్ళీ వచ్చాడు. "మా ఆవిడ దూరమూ కాకుండా దగ్గరా కాకుండా మధ్యలో కూర్చుంటుందండీ, ఆవిడకి ఏ జోడు పెట్టుకోవాలి?" అన్నాడు. "ఆవిడ దగ్గర రెండూ తీసేయండి, కాపురం చల్లగా ఉంటుంది" అన్నాను. సంతోషంగా వెళ్ళాడు.

నీ ప్రశ్న గురించి ఒక మాట. బస్సెక్కేవాళ్ళని అడుగుతున్నావు, బాగానే ఉంది. వాళ్ళకోసం ఎదురుచూసేవాళ్ళని ఒక్కరినైనా అడిగావా? అడిగి చూడు.

టికెట్ల ఆయన కిటికీ మూసేది ఏటిగాలికి. నీ మీద కోపంతో కాదు. అనవసరంగా మనుషుల్ని ఆడిపోసుకోకు. లాంచీలోనే రా.

నీ పిన్ని


డిసెంబరు 4

పిన్నీ,

నీ మాట కాదని బస్సులో వచ్చినందుకు ఇంత శిక్షా? ఇంట్లో అడుగుపెట్టగానే "వచ్చావా" అన్నావు. నీ గొంతులో ఆ మాట అచ్చం కరెంటు బిల్లు తెచ్చినవాడితో అన్నట్టే ఉంది. భోజనాల దగ్గర రెండుసార్లు లేచి ఏటివైపు కిటికీ తీసి చూశావు. ఏం చూస్తున్నావంటే "మంచు పడిందో లేదో" అన్నావు. నేను నీ ఎదురుగా కూర్చుని తింటుంటే ఇక మంచుతో నీకేం పని?

నాకు అనుమానంగా ఉంది. నీకు ఒంట్లో బాగోలేదు, నాతో చెప్పడం లేదు. నా గది పక్కన ఒక గది ఖాళీ అయింది. గాలీ వెలుతురూ ఉన్నాయి. దుకాణం ఎవరికైనా అప్పజెప్పి వచ్చేయకూడదూ? నెలకోసారి నేను రావడం, నువ్వు కాచుకోవడం, ఈ బెడదే ఉండదు.

ఎదురుచూసేవాళ్ళని అడిగావా అని నువ్వు రాసిన మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. నిన్ను ఆ బల్ల మీద ఎన్ని చలికాలాలు కూర్చోబెట్టానో అప్పుడు తట్టింది. అందుకే పోయిన నెలలోనే మా ఆఫీసరు దగ్గరికి వెళ్ళి ఒక పని చేసి పెట్టాను. ఏమిటో ఇప్పుడు చెప్పను. జరిగాక నీకే తెలుస్తుంది, అప్పుడు నన్ను మెచ్చుకుంటావు.

బస్సులో ఈసారి ఒక్కసారే తల బయటపెట్టాను. అలవాటైపోతోంది.

నీ పిల్ల


డిసెంబరు 10

అమ్మాయీ,

నాకు జ్వరం లేదు, దగ్గు లేదు, మోకాళ్ళు నా మాటే వింటున్నాయి. నగరానికి వచ్చి నేనేం చేయాలి? అక్కడ కళ్ళజోళ్ళు అద్దాల మేడల్లో అమ్ముతారట. నా అరగదీసే యంత్రం చప్పుడుకి నీ పక్కగది వాళ్ళు నెల తిరక్కుండా నిన్నూ నన్నూ కలిపి బయటకి పంపుతారు. ఈ మాట మళ్ళీ ఎత్తకు.

కొత్త ఫ్రేములు వచ్చాయి. నల్లవి బాగున్నాయి, గోధుమరంగువి ఎవరికీ నప్పడం లేదు. పై వీధిలో ముసలాయన తన పాత జోడే కావాలని, కొత్తది ఇస్తే ముఖం మారిపోయిందని పేచీ పెట్టాడు. ముఖం మారలేదు, ఇన్నాళ్ళకి కనబడింది, అంతే అన్నాను.

రేవులో టీ కొట్టు ఆవిడ చెప్పింది. టికెట్ల ఆయన్ని నగరంలో పెద్ద బస్టాండుకి రమ్మని ఆఫీసువాళ్ళు అడిగారట. జీతం ఎక్కువట, పైన కప్పున్న ఆఫీసట. నెలాఖరులోగా ఏ సంగతీ చెప్పాలట. మంచిదే. ఎవరి బతుకు వారిది. మనకెందుకు?

నిన్న ఒక జోడుకి కుడి అద్దం ఎడమకి, ఎడమది కుడికి బిగించి ఇచ్చేశాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చేయని పని. ఆ పిల్ల పాపం గోడ పట్టుకుని నడుచుకుంటూ వెనక్కి వచ్చింది.

పిన్ని


డిసెంబరు 14

పిన్నీ, పిన్నీ,

టికెట్ల ఆయన్ని నగరానికి రమ్మనడం నా పనే. నేను చెప్పనన్న సంగతి అదే.

మా ఆఫీసరుతో ఇలా చెప్పాను. ఆ రేవులో ప్రయాణికులు, వాళ్ళకోసం వచ్చినవాళ్ళు చలిలో అవస్థపడుతున్నారు, లాంచీ ఎంత ఆలస్యమో చెప్పే నాథుడు లేడు అన్నాను. వేళ చెప్పడం చేతకాని మనిషిని, అన్నీ వేళకే కదిలే చోట వేస్తే ఆయనకీ సుఖం, జనానికీ సుఖం అన్నాను. ఆయన స్థానంలో, గంటగంటకీ మైకులో సంగతి చెప్పే మనిషిని వేస్తారట. ఆఫీసరు నా భుజం తట్టారు. చూశావా, నీ ఒక్కదాని చలి ఎంతమందికి మేలు చేసిందో.

వచ్చే చలికాలం నేను హాయిగా లాంచీలో వస్తాను. నువ్వు మైకు విన్నాకే ఇంట్లోంచి బయలుదేరవచ్చు.

ఆ అద్దాలు తారుమారైన సంగతికి మాత్రం నాకు భయం వేసింది. ముందు నీ కళ్ళు పరీక్ష చేయించుకో. మిఠాయి కొట్టువాడు మిఠాయి తిననట్టు నువ్వూ నీ చూపు సంగతి పట్టించుకోవు.

మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తూ,
నీ గడియారం


డిసెంబరు 17

ఏమే,

కోపంగా ఉన్నాను కాబట్టి పలకరింపులు లేవు.

నువ్వు చేసింది నా మేలుకోరే. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా నీ ఉత్తరం చదివాక చాలాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను. దుకాణం ముందు ఇద్దరు నిలబడి పిలిచి పిలిచి వెళ్ళిపోయారు.

ఇక చెప్పక తప్పదు. రేవుకి నేను వెళ్ళేది నీకోసమే. మొదట్లో అంతే, ఇంకే ఆలోచనా లేదు. రెండేళ్ళ కిందట చలికాలం లాంచీ బాగా ఆలస్యమైంది. ఆయన కిటికీలోంచి చూసి "లోపలికి రండి, గాలి తగలదు" అన్నారు. నేను కదల్లేదు. ఆ తర్వాతి నెల టీ బయటికే తెచ్చి ఇచ్చారు. ఆ పైనెల నేనే రెండు గ్లాసులు చెప్పాను. అప్పటినుంచి లాంచీ రానంతసేపూ ఇద్దరం ఆ బల్ల మీదే. నువ్వు చూసిన గ్లాసులన్నీ నావే అనుకున్నావా?

ఏం మాట్లాడుకుంటామంటావేమో. ఏమీ లేదు. ఏటి సంగతి, అద్దాల సంగతి, భార్య పోయాక ఆయన వంట నేర్చుకోబోయి గిన్నెలన్నీ మాడ్చిన సంగతి. జనానికి వేళ ఎందుకు చెప్పరని నేనూ అడిగాను. "చెబితే నమ్ముతారండీ. నమ్మాక లాంచీ రాకపోతే ఏటిని తిట్టరు, నన్ను తిడతారు" అన్నారు. మొండి మనిషి, నువ్వన్నది తప్పు కాదు. నాకు మాత్రం చెప్పేవారు. ఆకాశం వంక చూసి "ఈవేళ రెండు టీల మంచు" అనేవారు.

రెండు టీలన్న రోజున మూడైతే బాగుండునని నేను కోరుకునేదాన్ని. అవతలి ఒడ్డున నువ్వు వణుకుతూ నిలబడి ఉంటావని తెలిసే కోరుకునేదాన్ని. ఇది రాస్తుంటే నాకు సిగ్గుగా ఉంది, కానీ నిజం అదే.

నువ్వు బస్సులో వచ్చిన రోజున నేను రేవుకి ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను? ఎవరైనా అడిగితే ఎవరికోసమని చెప్పను? ఈ దారిలో అందరివీ నేనిచ్చిన కళ్ళజోళ్ళే. ఒక్కరికీ చూపు తక్కువ లేదు.

ఆయన వెళ్ళిపోతే నాకు కష్టంగా ఉంటుంది. ఈ మాట ఆయనకి చెప్పలేదు, చెప్పబోను. ఈ వయసులో అవన్నీ ఏమిటి? నువ్వూ చదివి మర్చిపో.

పిన్ని


డిసెంబరు 19

నా పిచ్చి పిన్నికి,

చదివి మొదట నవ్వాను. తర్వాత ఏడ్చాను. తర్వాత చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా ఆఫీసరు దగ్గరికి పరిగెత్తాను. మేలు చేయబోయి నీ కాళ్ళ కింద చాప లాగేశాను.

ఆఫీసరు చెప్పింది విను. అది బదిలీ కాదు. అడిగారు, అంతే. వద్దంటే రేవులోనే ఉండవచ్చు, ఎవరూ కదపరు. కానీ ఆయన ఇంతవరకు అవుననీ లేదు, కాదనీ లేదు. "ఎవరైనా ఎగిరి గంతేసే ఉద్యోగం, ఈ మనిషి ఎందుకు నానుస్తున్నాడో మాకు అంతుబట్టడం లేదు" అన్నారు ఆఫీసరు. నాకు అంతుబట్టింది. నీకు అంతుబట్టలేదా?

నా ఉద్యోగం గురించి నువ్వు వేళాకోళం చేస్తావు. ఈ ఒక్కసారి దాన్ని పనికి రానివ్వు. ఇన్నాళ్ళుగా నేను అడిగినవాళ్ళలో, వస్తుందో రాదో తెలియని బస్సు కోసం మనసుపడి నిలబడేవాళ్ళు ఉన్నారు పిన్నీ. పక్కన ఖాళీ బస్సు వచ్చి ఆగినా ఎక్కరు. కానీ కొంతసేపే. వస్తుందని ఎవరూ చెప్పకపోతే, ఆఖరికి ఎదురుగా ఉన్నది ఎక్కేస్తారు. ఇష్టమై కాదు, ఎంతసేపని నిలబడతారు?

ఆయన ముందు ఇప్పుడు ఒక బస్సు ఆగి ఉంది. నగరం, జీతం, కప్పున్న ఆఫీసు. ఇంకోదాని సంగతి ఆయనకి ఎవరూ చెప్పడం లేదు. చెప్పగలిగినదానివి నువ్వొక్కదానివే. ఆయన జనం ముఖం మీద కిటికీ మూస్తారని నేను ఎన్ని మాటలన్నాను. నువ్వు చేస్తున్నది మాత్రం ఏమిటి?

సాకు కావాలంటే చెప్పు, ఈ ఆదివారం లాంచీలో వస్తాను. కావాలంటే అవతలి ఒడ్డున సాయంత్రం దాకా నిలబడి, రాత్రికి వస్తాను. మూడు కాదు, పది టీలు తాగండి.

తప్పు చేసిన నీ పిల్ల


డిసెంబరు 21

అమ్మాయీ,

ఈ ఆదివారం రావద్దు. లాంచీలోనూ వద్దు, బస్సులోనూ వద్దు.

పిన్ని


డిసెంబరు 26

బంగారూ,

ఆదివారం జరిగింది రాస్తున్నాను. కాళ్ళు చాపుకుని తీరిగ్గా చదువు, నేనూ తీరిగ్గానే రాస్తున్నాను.

పొద్దున్నే దుకాణం తెరిచాను. పది నిమిషాలకే మూసేశాను. పక్కింటావిడ "అమ్మాయి వస్తోందా?" అని అడిగింది. "లేదండీ" అన్నాను. "మరెక్కడికి?" అంది. "రేవుకి" అన్నాను. వీధి చివరిదాకా ఆవిడ చూపు నా వీపు మీదే ఉంది. అది కూడా నేనిచ్చిన జోడే, పవరు సరిగ్గా కుదిరింది.

రేవులో మంచు దట్టంగా ఉంది. జనం గొణుక్కుంటూ నిలబడ్డారు. నన్ను చూడగానే ఆయన కిటికీ వదిలేసి బయటికి వచ్చారు. నేను రేవుకి వచ్చి నెలన్నర దాటింది కదా. "అమ్మాయి మళ్ళీ లాంచీలో వస్తోందా?" అని అడిగారు. ఆ అడగడంలో ఆశ ఉంది, నాకు వినబడింది.

"రావడం లేదండీ" అన్నాను.

"మరెవరు వస్తున్నారు?"

"ఎవరూ రావడం లేదు. మీరుంటారని వచ్చాను."

ఈ మాట దారంతా వల్లించుకుంటూ వచ్చాను. అయినా పైకి అనేసరికి చెమట పట్టింది, ఆ చలిలో. ఆయన వంగి, బల్ల మీద తడి తన చేతిరుమాలుతో తుడిచారు. ఇద్దరం కూర్చున్నాం. టీ కొట్టు ఆవిడ మేము చెప్పకుండానే రెండు గ్లాసులు తెచ్చి పెట్టి, మా ముఖాల వంక చూడకుండా వెళ్ళింది. చూడకపోవడం ఆవిడకి ఎంత కష్టమో నాకు తెలుసు.

కాసేపటికి ఆయనే ఎత్తారు. "నగరంలో ఉద్యోగం అడుగుతున్నారు. మీరేమంటారు?"

"మీ ఇష్టం" అని నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట అని ఎన్ని పోగొట్టుకున్నామో కదా మనం. నీ బస్టాపులో నిలబడ్డవాళ్ళు గుర్తొచ్చారు. ఆ మాట మింగేసి, "వెళ్ళకండి" అన్నాను.

ఆయన గ్లాసు కింద పెట్టారు. "అయితే వద్దని రాసేస్తాను" అన్నారు.

"ఎప్పుడు రాస్తారు?"

"ఇప్పుడే" అన్నారు. లోపలికి వెళ్ళి కాగితం తెచ్చుకుని నా పక్కనే కూర్చుని రాశారు. ఆయనకి వేళ చెప్పడం వచ్చని నాకు అప్పుడే తెలిసింది.

పనిలో పనిగా జనానికి కూడా సంగతి చెప్పమన్నాను, మా అమ్మాయి మాటలో న్యాయం ఉందన్నాను. లేచి నిలబడి "సుమారు అరగంట పడుతుంది, అటూ ఇటూ కావచ్చు" అని గట్టిగా చెప్పారు. జనం ఆశ్చర్యపోయి గొణగడం మానేశారు. చెప్పినంతసేపు కూడా కాలేదు, ఎండ వచ్చి మంచు విడిపోయింది, లాంచీ వచ్చేసింది. ఇంత తొందరగా ఎప్పుడూ రాలేదు. నేను లేవబోయాను. లాంచీ వస్తే లేవడం నాకు అలవాటు. "ఎవరూ రావడం లేదన్నారుగా, కూర్చోండి" అన్నారు. వెళ్ళి దిగేవాళ్ళని దింపి, ఎక్కేవాళ్ళకి టికెట్లిచ్చి, లాంచీని పంపించి, మళ్ళీ వచ్చి నా పక్కన కూర్చున్నారు.

వచ్చే నెల నీకు ఏది వీలైతే అందులో రా. బస్సులో వస్తే మాత్రం ఇంటికి వెళ్ళకు, తాళం వేసి ఉంటుంది. నేరుగా రేవుకి వచ్చేయ్.

మీ పిన్ని